కొండెక్కే కెమెరా కోసం: మీడియం ఫార్మాట్ ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ మొదటి వారం

ఈ చలికాలం కొండలకు పోయేటప్పుడు మీడియం ఫార్మాట్ (మామూలు 35 ఎంఎం కంటే పెద్ద ఫ్రేము తీసే) ఫిల్మ్ కెమెరా ఒకటి వెంట తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాను. ఏ కెమెరా అన్నది ఇంకా తేలలేదు. అది తేలేదాకా, తేలాక అది నిజంగా పనికొచ్చిందో లేదో చూసేదాకా జరిగినవన్నీ ఇక్కడ రాసుకుంటూ పోతాను.

35 ఎంఎం మీద నాకేం కోపం లేదు. పెళ్లిళ్లకీ వీధులకీ అది చాలు. కానీ నల్లమల రాళ్లను గోడకు పెట్టే సైజులో ప్రింట్ వేయిస్తే ఏది ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్‌లో ఉండే చుక్కలు), ఏది రాతి గరుకు అన్నది తెలియడం లేదు. 35 ఎంఎం ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లు. 120 అనే వెడల్పాటి రీలు మీద 6×6 ఫ్రేమ్ అంటే పేరుకే ఆరు సెంటీమీటర్లు, అసలు కొలత 56×56 మిల్లీమీటర్లు. అయినా సరే వైశాల్యం మూడున్నర రెట్ల పైనే. ఒకే ప్రింటు సైజుకి నెగెటివ్‌ను అంత తక్కువ సాగదీస్తే చాలు కాబట్టి రాయి రాయిలాగే కనిపిస్తుంది.

120 రీలు కొత్త సంగతేం కాదు. కొడాక్ తన బ్రౌనీ కెమెరా కోసం 1901లో తెచ్చింది. మన దగ్గర చాలా ఇళ్లలో ఉండిన, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కూడా ఇదే రీలు, ఇదే చదరపు ఫ్రేమ్. అంటే మన పెద్దవాళ్లలో చాలామంది పేరు తెలియకుండానే మీడియం ఫార్మాట్ వాడారు.

రీలు ఒకటే గానీ కెమెరాను బట్టి ఫ్రేములు మారతాయి. 6×4.5 అయితే 15 లేదా 16, 6×6 అయితే 12, 6×7 అయితే 10, 6×9 అయితే 8. రోలు ధర, కడిగించే ఖర్చు, స్కానింగ్ అన్నీ కలిపితే 12 ఫ్రేముల కెమెరాలో ఒక్కో ఫొటో వంద రూపాయలు దాటుతుంది. 6×9 వాడితే ఎంతవుతుందో లెక్క వేసి, ఆ కాగితం మడిచి పక్కన పెట్టాను.

ప్రస్తుతానికి నా దృష్టిలో ఉన్నవి: పెంటాక్స్ 67, మమియా ఆర్‌బీ67, హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం, యాషికా మ్యాట్ 124జీ, మమియా 7, ఫ్యూజీ జీడబ్ల్యూ690, ఫ్యూజీ జీఏ645. వీటిలో సగం కొనే స్తోమత నాకు లేదు. ముందు ఏది కావాలో తేలనీ, డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

దసరా సెలవుల్లో

కెమెరా కొనకుండా దాని బరువు తెలుసుకోవాలంటే కందిపప్పు మించిన దారి లేదు.

ఆర్‌బీ67 లెన్సుతో కలిపి దాదాపు రెండు ముప్పావు కిలోలు. మీటర్ (వెలుతురు కొలిచే సాధనం) ఉన్న ప్రిజం వ్యూఫైండర్, 105 ఎంఎం లెన్సు తగిలించిన పెంటాక్స్ 67 రెండుంబావు పైన. హాసెల్‌బ్లాడ్, జీడబ్ల్యూ690 చెరో కిలోన్నర. మమియా 7 కిలో రెండొందలు, యాషికా కిలో నూరు, జీఏ645 ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు. ఆ బరువులకు సరిపడా కందిపప్పు తూచి, విడివిడి గుడ్డ సంచుల్లో కట్టి, పట్టీలు తగిలించి భువనగిరి కోట ఎక్కాను. వెంట వచ్చిన ఇద్దరు మిత్రుల్లో ఒకడు "పైన పప్పుచారు పెడతావా ఏంటి?" అని అడిగాడు. ఇంకొకడు ఏమీ అడగలేదు, దూరం దూరంగా నడిచాడు.

భువనగిరి ఈ పరీక్షకు సరిగ్గా సరిపోయింది. కొండంతా ఒకే రాయి. కింద మెట్లుంటాయి, పైకి పోయేకొద్దీ నున్నటి బోడి బండ. ఏటవాలుగా ఉన్న చోట కమ్మీ పట్టుకోకుండా ఎక్కడం కష్టం.

బరువు గురించి నేను అనుకున్నది తారుమారైంది. ఆర్‌బీ67 పప్పు వీపు సంచిలో ఉన్నంతసేపు పెద్ద ఇబ్బందేమీ లేదు. మూడు లీటర్ల నీళ్లు అంతకంటే తక్కువేం తూగవు, అవి రోజూ మోస్తూనే ఉన్నాం. ఇబ్బంది పెట్టింది కిలో నూరు గ్రాముల యాషికా సంచి. అది మెడలో వేలాడుతోంది. బండ మీద ముందుకు వంగగానే సంచి ఒంటిని వదిలి ఎదరకు ఊగుతుంది, కాలు పడేలోపే రాయిని తాకుతుంది. ఒక చేత్తో దాన్ని ఒంటికి అదిమిపెడితే కమ్మీకి మిగిలేది ఒక్క చెయ్యే. సంచిని వీపు వైపు తిప్పితే నాలుగు అడుగుల్లో మళ్లీ ముందుకే వస్తుంది. పప్పు కాబట్టి సరిపోయింది. కెమెరా అయితే లెన్సు ముందు అంచు పోయేది.

సరే, అంతా వీపు సంచిలోనే పెడదామా అంటే ఇంకో తంటా. ఫొటో తీయాలంటే ఆగాలి, సంచి దింపాలి, జిప్పు తీయాలి, మీటర్ చూడాలి, తీయాలి, మళ్లీ అంతా సర్దాలి. ఈలోపు మిత్రులు మలుపు దాటేస్తారు. మొదటిసారి ఆగుతారు, రెండోసారి "నువ్వు మెల్లగా రా" అంటారు. ఆ తర్వాత మనమే మొహమాటపడి ఫొటో మానుకుంటాం. వేలాది రూపాయల కెమెరా నీళ్ల సీసా పక్కన నిద్రపోతుంది.

దిగేటప్పుడు షరతులు మూడు ఖాయం చేసుకున్నాను. చేతులు రెండూ కావలసిన చోట కెమెరా వేలాడకూడదు, మూసి నడుము పౌచ్‌లో పెట్టేలా ఉండాలి. ట్రైపాడ్ లేకుండా పని జరగాలి, ఎందుకంటే ట్రైపాడ్ బయల్దేరిందంటే కిలోన్నర బరువు, దాంతోపాటు ఇంకో పది నిమిషాల ఆలస్యం. బ్యాటరీ లేకపోయినా షటర్ పడాలి.

అక్టోబర్ చివర

ఈ షరతులతో జాబితా మళ్లీ చూస్తే పెద్దగా ఏమీ మిగల్లేదు.

పెంటాక్స్ 67 పోయింది. బరువు సంగతి పక్కన పెట్టినా లోపలి అద్దం లేచేటప్పుడు కొట్టే దెబ్బ మామూలుది కాదు, తక్కువ స్పీడులో చేత్తో పట్టుకుని తీస్తే దాని ప్రభావం నెగెటివ్ మీద కనిపిస్తుంది. పైగా దానికి బ్యాటరీ లేనిదే షటర్ లేదు. ఆర్‌బీ67 స్టూడియోలో రాజు, అక్కడే ఉండనిద్దాం. హాసెల్‌బ్లాడ్‌కు బ్యాటరీ అక్కర్లేదు, లెన్సులోనే పలచటి రేకులతో తెరుచుకునే లీఫ్ షటర్, అంతా బాగుంది. కానీ అది ఎటు తిప్పి పెట్టినా ఒక డబ్బా. యాషికా మీద నాకు మమకారం ఉంది. నడుము దగ్గర పట్టుకుని పై నుంచి గాజులోకి చూస్తూ, కుడి ఎడమలు తారుమారైన బొమ్మను సర్దుకోవడంలో ఒక తృప్తి ఉంటుంది. అది కూడా మడవదు.

మమియా 7 విషయంలో మనసు కొంచెం లాగింది. 1995లో వచ్చిన 6×7 రేంజ్‌ఫైండర్ (రెండు బొమ్మలను ఒకటి చేసి దూరం చూసే కెమెరా), లెన్సుల పదును గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కానీ ధర లక్షల్లో ఉంది, షటర్ బ్యాటరీ మీద నడుస్తుంది, పాడైతే బాగుచేసేవాళ్లు దొరకడం గగనం. అంత ఖరీదైన వస్తువు మెడలో వేసుకుంటే నేను చూసేది కొండను కాదు, కెమెరాని. ఆ టెన్షన్ నాకు వద్దు.

జీఏ645 బరువు తక్కువ, ఆటోఫోకస్, రీలు చుట్టడం కూడా మోటారే చూసుకుంటుంది. మామూలుగా పట్టుకుంటే ఫ్రేము నిలువుగా వస్తుంది, అడ్డంగా కావాలంటే కెమెరా తిప్పాలి. అది అలవాటవుతుంది. కానీ దానికి రెండు సీఆర్123ఏ బ్యాటరీలు అయిపోయాయంటే ఇక అది చేతిలో బరువే. ఫ్యూజీదే మడత కెమెరా జీఎస్645 నా షరతులకు దగ్గరగా వచ్చింది. అయితే దాని బెలోస్‌కు (లెన్సుకూ కెమెరాకూ మధ్య ముడుచుకునే తిత్తికి) చిల్లులు పడతాయన్న పేరుంది. బెలోస్ మార్చే పని ఎలాగూ తప్పదనుకుంటే అంత డబ్బు పెట్టడం ఎందుకు? 1950ల జర్మన్ ఫోల్డింగ్ కెమెరాలు ఆ ధరలో చిన్న భాగానికే దొరుకుతాయి.

అలా లెక్క ఆగ్ఫా ఐసోలెట్, జైస్ ఐకాన్‌వారి ఐకాంటా, ఫోక్ట్‌లెండర్ పెర్కియో దగ్గరికి వచ్చి ఆగింది. మూడూ 6×6, మూడూ మూస్తే అరచేయంత, పూర్తిగా మెకానికల్, లీఫ్ షటర్.

నవంబర్

ఐసోలెట్ త్రీ దొరికింది. 75 ఎంఎం ఎఫ్/3.5 అపోటార్ లెన్సు, ప్రొంటార్ ఎస్‌వీఎస్ షటర్. బరువు అరకిలో పైచిలుకు. మూడు గాజుల లెన్సు కాబట్టి ఎఫ్/3.5 దగ్గర, అంటే లెన్సు రంధ్రం పూర్తిగా తెరిస్తే, మూలలు మెత్తగా ఉంటాయి, ఎఫ్/11కి వస్తే చక్కబడతాయి. కొండల మీద ఎఫ్/11 కంటే తెరిచి తీసే పని నాకెప్పుడో గానీ పడదు.

కొనేముందు కోఠి గుజరాతీ గల్లీలో కెమెరాలు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. ఆయన వెనక తలుపు తీసి, లైటు వైపు పెట్టి లెన్సులోంచి చూసి, షటర్ నాలుగైదు సార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"లెన్స్ మంచిగుంది తమ్మీ, ఫంగస్ లేదు. షటర్ నడుస్తది, సెకనే జర నిదానం. బెలోస్ మాత్రం పనికిరాదు. ఈ ఆగ్ఫాలన్నిటికీ గదే రోగం."

ఆయన అన్నమాట నిజమే. జైస్ మడత కెమెరాల తోలు బెలోస్ ఇన్నేళ్ల తర్వాత కూడా నిలబడుతున్నాయి. ఆగ్ఫా మాత్రం ఆ రోజుల్లో వాడిన పదార్థం వల్ల మడతల మూలల్లో చిల్లులు పడటానికి పేరుమోసింది. రాత్రి గదిలో లైట్లన్నీ తీసేసి, కెమెరా వెనక నుంచి ఫోన్ టార్చి లోపల పెట్టి చూశాను. ప్రతి మడత మూలలోనూ ఒక వెలుగు చుక్క. ఒక్కొక్కదానికి నల్ల రంగు పూసి నడిపేవాళ్లున్నారు. ఒకటి రెండు చిల్లులైతే సరే. ఇన్ని ఉంటే ఒకటి మూసేలోపు పక్కన ఇంకోటి విచ్చుకుంటుంది.

కొత్త బెలోస్ కొలతలిచ్చి తెప్పించాను. లెన్సు, షటర్ కలిసిన ముక్కను లోపలి వైపున్న రింగు విప్పి బయటికి తీయాలి. పాత బెలోస్ ఊడబీకి, మిగిలిన జిగురు గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్తది మొదట లెన్సు వైపు, ఆరాక శరీరం వైపు ఫెవిబాండ్‌తో అతికించాను. అంతా పూర్తిగా ఆరేముందే కెమెరాను ఒకసారి మూసి తెరవాలి. మడతలు ఏ వైపు పడాలో అప్పుడే వాటికి అలవాటవుతుంది. ఎండాక మూస్తే మూలలు మడత కీళ్ల దగ్గర ఇరుక్కుంటాయి.

చీకటి గదిలో మళ్లీ టార్చి పెట్టాను. అమావాస్యే.

నవంబర్ ఆఖరు

రెండో రోగం గ్రీజు. ఆగ్ఫా ఫోకస్ రింగులో వాడిన గ్రీజు కాలంతో పచ్చబడి, గట్టిపడి, జిగురులా తయారవుతుంది. అప్పుడు ముందు గాజును తిప్పితే దాని వెనకాల గాజు కూడా కలిసి తిరుగుతుంది. రింగు మీద పది అడుగులని చూపిస్తుంది, ఫోకస్ ఎక్కడుందో దేవుడికెరుక.

లైటర్‌లో పోసే ద్రవం రెండు చుక్కలు వేసి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, మళ్లీ వేసి, రెండు సాయంత్రాలు ఓపిక పట్టాక విడిపోయింది. పాతదంతా తుడిచి కొత్త గ్రీజు పలచగా రాశాను. ఇక్కడితో సగం పనే అయింది. గాజు బయటికి వచ్చిందంటే ఇన్ఫినిటీ (చాలా దూరానికి ఫోకస్ పడే చోటు) ఎక్కడో మళ్లీ వెతకాలి.

దీనికి నేను చేసిన ఏర్పాటు: ఫొటో ఫ్రేముల దుకాణంలో సన్నటి అద్దం ముక్క కోయించాను. దాని మీద మసకగా ఉండే రకం టేపు అతికించి, టేపు వైపు లెన్సుకేసి ఉండేలా, ఫిల్మ్ కూర్చునే పట్టాల మీద పెట్టి రబ్బరు బ్యాండుతో బిగించాను. షటర్‌ను బీ (నొక్కినంతసేపు తెరిచి ఉండే అమరిక) మీద తెరిచి ఉంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, మేడ మీద నుంచి చాలా దూరంలో ఉన్న సెల్ టవర్ కేసి పెట్టాను. భూతద్దంతో చూస్తే తలకిందులుగా టవర్ కనిపిస్తుంది. ముందు గాజును వెంట్రుకవాసి తిప్పుతూ, టవర్ ఇనుప కడ్డీలు విడివిడిగా తేలే చోట ఆపి, రింగును ఇన్ఫినిటీ గుర్తు దగ్గర బిగించాలి. బిగించేటప్పుడు గాజు కదులుతుంది, మళ్లీ చూడాలి. మధ్యాహ్నం ఎండలో వేడి గాలి అలల్లా లేచి కడ్డీలు వణుకుతుంటాయి. పొద్దున్నే చేస్తే సుఖం.

దగ్గరి దూరాలకు టేపు కొలిచి చూశాను, సరిపోయింది. పైన ఉన్న రేంజ్‌ఫైండర్ లెన్సుకు కలిపి ఉండదు. చిన్న చక్రం తిప్పి రెండు బొమ్మలు ఒకటయ్యాక దూరం చదివి, ఆ అంకెను లెన్సు మీద మనమే పెట్టాలి. చాదస్తంగా అనిపించొచ్చు గానీ కొండల్లో దాని అవసరం తక్కువే. 75 ఎంఎం లెన్సును ఎఫ్/16 దగ్గర ఏడు మీటర్లకు పెడితే మూడున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర అంతా పదునుగానే వస్తుంది. ఎఫ్/11 అయితే పది మీటర్లకు పెడితే ఐదు నుంచి. ఈ రెండు అంకెలూ చిన్న స్టిక్కర్ మీద రాసి కెమెరా వీపున అంటించాను.

డిసెంబర్

ఖాజాగూడ రాళ్ల దగ్గర పరీక్ష రోలు అయింది. కాంతి లీకు లేదు, ఫోకస్ సరిగ్గా ఉంది. ఇంతకంటే చెప్పేదేం లేదు. నెగెటివ్‌లు కడిగి ఆరబెట్టిన తాడు కింద మా ఇంట్లోవాళ్లు వంగి నడవాల్సి రావడం వాళ్ల ఫిర్యాదు.

సంక్రాంతి తర్వాత, ఎగువ అహోబిలం

అసలు పరీక్ష ఇది. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుడి దాకా, అక్కడి నుంచి ఉగ్రస్తంభం వైపు. దారి ఒక చోట మెట్లు, ఒక చోట వాగులో బండలు, ఇంకో చోట చేతులూ కాళ్లూ రెండూ వాడాల్సిన ఎక్కుడు. ఎర్రటి క్వార్ట్‌జైట్ గోడల మీద ఎండ మండుతుంటుంది, కింద లోయంతా నీడ. ఫిల్మ్‌కు ఇంతకంటే కష్టమైన వెలుతురు ఉండదు.

రీలు హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్, స్పీడు 400. మీటర్ ఫోన్‌లోనే. నెగెటివ్ ఫిల్మ్ కాబట్టి నీడకు మీటర్ చేసుకున్నాను. ఎండ గోడ ఎలాగూ నిలదొక్కుకుంటుంది, నీడలో లేనిది మాత్రం తర్వాత ఎవరూ తేలేరు.

కెమెరా నడుము పౌచ్‌లో ఉంది. వాగు దాటే చోట్ల రెండు చేతులూ బండల మీదే ఉన్నాయి, కెమెరా ఉందన్న ధ్యాసే లేదు. కోతులు సంచుల కోసం కాచుకు కూర్చుంటాయి. మూసిన కెమెరాను చూసి అవి కూడా పట్టించుకోలేదు.

ఫొటో తీసే క్రమం ఇప్పుడు అలవాటైపోయింది. పౌచ్ తీయడం, తలుపు నొక్కి చేత్తో ఆపుకుంటూ మెల్లగా తెరవడం. టప్పున తెరిస్తే బెలోస్ లోపలికి గాలి లాక్కుంటుంది, ఆ లాగుడుకు ఫిల్మ్ తన చోటు వదిలి ముందుకు ఉబ్బుతుంది. అందుకే తెరిచాకే రీలు తిప్పుతాను, తీసేముందు ఫిల్మ్ బిగువుగా నిలుస్తుంది. వెనక ఎర్ర కిటికీలో అంకె చూసేటప్పుడు ఒంటి నీడలో చూడటం, వెంటనే దాన్ని మూసేయడం. షటర్ కాక్ చేయడం, నొక్కడం. లీఫ్ షటర్ కాబట్టి చిన్న టిక్ తప్ప కుదుపు లేదు.

లోయలో బాగా నీడగా ఉన్న చోట ఎఫ్/8, 1/25 వచ్చింది. కింద అమ్మే చేతికర్ర ఒకటి కొని ఉన్నాను. కర్రను నేల మీద ఆనించి, కెమెరా అడుగును దాని తలకు అదిమి, ఊపిరి బిగబట్టి తీశాను. ట్రైపాడ్‌కు సాటి కాదు, కానీ 1/25కి చాలు.

జ్వాలా నరసింహుడి గుడి దగ్గర రీలు మారుస్తుంటే, పెద్దావిడను దించి సేదతీరుతున్న డోలీ మనుషుల్లో ఒకాయన పక్కకొచ్చి కూర్చున్నాడు.

"ఏం సామీ, మడత కెమెరానా అది? దీనికి రీలు యాడ దొరుకుతాది?"

"హైదరాబాదులో దొరుకుతుంది అన్నా."

"ఎన్ని పడతాయి?"

"పన్నెండు."

ఆయన నవ్వి, కొండ దిగేలోపు తను ఫోన్‌లో అంతకంటే ఎక్కువే తీస్తానన్నాడు. అయినా రీలు కాగితం చివర నాలుకతో తడిపి అంటించేదాకా కదలకుండా చూశాడు. అయిపోయిన రీలును వదులు కాకుండా బిగించి పట్టుకోవడం ముఖ్యం, కొంచెం సడలినా అంచుల నుంచి వెలుతురు దూరుతుంది. నల్ల డబ్బాలో వేసి సంచి అడుగున పెట్టాను. కొత్త రీలు కూడా గుడి నీడలోనే ఎక్కించాను.

మిత్రులు ఒక్కసారి కూడా "నువ్వు మెల్లగా రా" అనలేదు. నాకు అన్నిటికంటే పెద్ద ఫలితం అదే.

జనవరి చివర

నెగెటివ్‌లు వచ్చాయి. ఉగ్రస్తంభం వైపు తీసిన ఎండ గోడలో రాతి పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. కర్ర ఆనించి తీసిన వాటిలో ఒకటి కదిలింది, మిగిలినవి నిలిచాయి. ఎదురెండలో తీసినవి మాత్రం పాలిపోయాయి. అప్పటి లెన్సు పూత ఇప్పటిలాంటిది కాదు, పక్క నుంచి సూర్యుడు తాకితే నలుపు బూడిదవుతుంది. దానికి ముందు తొడిగే హుడ్ కావాలి. అంతదాకా అరచెయ్యే గొడుగు.

అందరికీ ఇదే కెమెరా అని చెప్పను. ఒంటరిగా నడిచేవాళ్లు, ఒక చోట గంటసేపు కూర్చుని తీసేవాళ్లు హాసెల్‌బ్లాడో యాషికానో తీసుకుంటే సుఖపడతారు. పెట్టిన చోట స్థిరంగా కూర్చుంటాయి, ఫోకస్ గాజు మీద కనిపిస్తుంది. డబ్బుకు వెనకాడనివాళ్లు ఫ్యూజీ జీఎఫ్670 చూడొచ్చు. మడత కెమెరాయే గానీ ఈ కాలంలో తయారైంది, రేంజ్‌ఫైండర్ లెన్సుకు కలిపే ఉంటుంది, మీటర్ కూడా ఉంది. బరువు కిలో.

ఇక మిగిలిన పనులు. నిదానించిన ఒక సెకను స్పీడును కోఠిలో శుభ్రం చేయించాలి. వానాకాలంలో జలపాతాలకు ఎఫ్‌పీ4 ప్లస్ అనే ఫిల్మ్ వాడాలనుకుంటున్నాను, అక్కడ పొడవైన ఎక్స్‌పోజర్లు తప్పవు. ఎక్కువసేపు తెరిస్తే ఫిల్మ్ స్పందన మందగిస్తుంది, అందుకే తయారీదారు ఇల్ఫోర్డ్ ఇచ్చిన లెక్క ప్రకారం ఆ ఫిల్మ్‌కు మీటర్ పది సెకన్లు చూపిస్తే పద్దెనిమిది ఇవ్వాలి. వీపున ఉన్న స్టిక్కర్ పక్కన ఆ పట్టిక కూడా అంటించాలి. దానికి ట్రైపాడ్ తప్పదు కాబట్టి ఆ రోజు మిత్రులను పిలవను. జూన్‌లోపు పౌచ్‌లో వేయడానికి సిలికా జెల్ పొట్లాలు కొనాలి. ఈ లెన్సులో ఇంతవరకు ఫంగస్ లేదు.